మేస్త్రీ చేతిలోని పనిని మిల్లు నేర్చుకోవడం ఎలా

ఆదోని చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులకు (పత్తిలోంచి గింజను, దూదిని వేరుచేసే మిల్లులు) సీజన్ మొదటి పదిహేను రోజులు ఎప్పుడూ కష్టకాలమే. యార్డుకు కొత్త పత్తి వస్తుంటుంది. ఆరు నెలలు ఊరకున్న మిషన్లు మళ్ళీ తిరుగుతుంటాయి. పోయినేడు పట్టిన చేతులన్నీ తిరిగి రావు. రోలర్లు వేడెక్కుతాయి, గింజకు దూది అంటుకునే పోతుంది, బేలు (నొక్కి కట్టిన దూది మూట) తూకం ఒకటి 160 కిలోలు పడితే ఇంకొకటి 178 పడుతుంది. నానా తంటాలు పడి అంతా దారికి తెచ్చుకునేసరికి అక్టోబరు అయిపోతుంది. సంక్రాంతికి ముందూ వెనకా సుగ్గికి (ఊరు వదిలి కూలి పనులకు) పోయేవాళ్ళు పోతారు, సగం పని మళ్ళీ మొదటికొస్తుంది. ఏప్రిల్‌లో గేటుకు తాళం వేస్తారు. వచ్చే అక్టోబరులో అవే తంటాలు.

పనిచేసిన ప్రతి మనిషీ ఆ సీజన్‌లో ఏదో ఒకటి నేర్చుకునే ఉంటాడు. ఆ నేర్పు అతనితో పాటే గేటు దాటిపోయింది. సంస్థ నేర్చుకోవడం అంటే మనుషులు మారినా పని తీరు కింద పడకుండా నిలబడటం. మీ దగ్గర అది ఎంతవరకు ఉందో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. రోలర్ పని బాగా తెలిసిన ఫిట్టర్ ఇంట్లో పెళ్ళి పెట్టుకుని పది రోజులు సెలవడిగాడనుకోండి. వెంటనే మీకు గుండె దడ పుడితే, ఆ పని తెలిసింది ఫిట్టర్‌కు, మిల్లుకు ఇంకా తెలియదు.

కింద చెప్పే పద్ధతి 30 నుంచి 60 మంది పనిచేసే జిన్నింగ్ మిల్లును మనసులో పెట్టుకుని రాసింది. తాడిపత్రి, బేతంచెర్లల్లో బండల పాలిష్ యూనిట్లకూ, కడపలో లారీ బాడీలు కట్టే షెడ్లకూ, అనంతపురంలో వేరుశనగ నూనె మిల్లులకూ పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

మొదట ఏ పనులు?

అన్నీ రాయాలని కూర్చుంటే ఏదీ పూర్తికాదు. మిల్లులో చిన్నాపెద్దా పనులు వందకు పైగా ఉంటాయి. అన్నీ రాసిన ఫైలు బీరువాలో పడుకుంటుంది, ఆడిట్ వచ్చినప్పుడు మాత్రం బయటికొస్తుంది. ఒక్కో పనికి మూడు ప్రశ్నలు వేయండి. ఇది సొంతంగా చేయగలిగినవాళ్ళు ఇద్దరికంటే తక్కువ మందేనా? తప్పు జరిగితే మనిషికి దెబ్బో, మంటలో, సరుకు నష్టమో ఉందా? పోయిన సీజన్‌లో ఇదే తప్పు రెండుసార్లకు మించి జరిగిందా? రెండింటికి ‘అవును’ వస్తే ఆ పనిని జాబితాలోకి ఎక్కించండి. మొదటి సీజన్‌కు ఐదారు పనులు చాలు.

జిన్నింగ్ మిల్లులో సాధారణంగా తేలేవి ఇవి: దూదిని లాగే లెదర్ రోలర్‌కు, గింజను ఆపే కదలని కత్తి ఎంత ఒత్తిడితో ఆనాలో పెట్టడం, రోలర్ గాడి అరిగినప్పుడు మళ్ళీ కోయడం, వచ్చిన పత్తిని తేమ చూసి వేరు కుప్పలు పోయడం, ప్రెస్ దగ్గర బేలు కట్టడం, నిప్పు పడితే మొదటి ఐదు నిమిషాలు ఏం చేయాలన్నది, షిఫ్టు అప్పగింత.

చేతికి తెలిసింది నోటికి రప్పించడం

అసలు కష్టం ఇక్కడే ఉంది. ముప్పై ఏళ్ళు రోలర్ల మధ్య గడిపిన మేస్త్రీని "ఎట్లా చేస్తావన్నా?" అని ఆఫీసులో కుర్చీ వేసి అడిగితే "ఏముంది సార్, అనుభవమే" అంటాడు. దాస్తున్నాడని అనుకోకండి. మనం మాటల్లో చెప్పగలిగిన దానికంటే మనకు తెలిసింది ఎక్కువ అని 1966లో తత్వవేత్త మైకేల్ పొలాన్యీ రాసింది ఈ సంగతే. జపాన్ మేనేజ్‌మెంట్ పండితుడు ఇకుజిరో నొనాకా చెప్పిన ఉదాహరణ ఒకటి ఈ రంగంలో అందరికీ తెలుసు. 1980ల్లో మత్సుషితా కంపెనీ ఇంట్లో బ్రెడ్ చేసే మిషన్ తయారు చేస్తుంటే పిండి సరిగ్గా కలవడం లేదు. ఇకుకో తనకా అనే ఉద్యోగిని ఒసాకాలో పేరున్న హోటల్ బేకర్ పక్కన చేరి పని నేర్చుకుంది. అతను పిండిని లాగుతూ మెలి తిప్పుతున్నాడని ఆమె పసిగట్టాకే మిషన్ దారికొచ్చింది. ఆ మెలిక బేకర్ నోట రాలేదు, పక్కన నిలబడి చూసిన మనిషికి దొరికింది.

కాబట్టి ఆఫీసులో కాదు, మిషన్ దగ్గరే మొదలుపెట్టండి. ఇద్దరు వెళ్ళండి. ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. 40 నిమిషాలు చాలు. పత్తి లారీలు నిలబడిన వేళ వద్దు, షిఫ్టు అయిపోయి ఇంటికి పోయే వేళ అసలే వద్దు. ఆ సమయానికి కూలి కట్టివ్వాలి.

మూడు విడతలుగా చూడండి. మొదటి విడత నోరు మెదపకుండా చూడండి. రెండో విడతలో మేస్త్రీ చేయి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ చెవి రిక్కించి వింటాడో అక్కడే అడగండి: "ఏం చూసి ఆపినావు?", "ఇంకో చుట్టు తిప్పింటే ఏమైతుండె?", "కొత్తోడు ఈడ ఏం తప్పు చేస్తాడు?" మూడో విడతలో మిషన్ ఆపి ఉండగా హెల్పర్ చేత చేయించి, మేస్త్రీని పక్కన నిలబెట్టండి. ఎక్కువ దొరికేది ఇప్పుడే. తన పని చెప్పమంటే మాట రాని మనిషి, ఎదుటివాడి తప్పు చూస్తే ఆగలేడు. "అట్ల కాదప్పా, ఆ పక్క ముందు వదులు చేయల్ల" అని నోరు జారిన ప్రతి మాటా రాసుకోండి. మాట అతనిదే ఉంచండి. రోలర్ ‘ఏడుస్తా ఉంది’ అన్నాడా, అట్లాగే రాయండి. ‘అసాధారణ ధ్వని’ అని మారిస్తే రేపు చదివే కుర్రాడికి ఏ శబ్దమో తెలియదు.

లెక్క లేనిచోట లెక్క కల్పించొద్దు. మేస్త్రీ వేడిని వాసనతో, దూది రంగుతో పసిగడతాడు. దానికి ఎక్కడో చదివిన డిగ్రీల అంకె తగిలించకండి. ముట్టుకోకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనండి. పది రోజుల పాటు మేస్త్రీ "బాగుంది" అన్నప్పుడు ఎంత చూపిందో, "ఎక్కువైంది" అన్నప్పుడు ఎంత చూపిందో రాసి పెట్టుకుంటే మీ మిషన్‌కు, మీ పత్తికి సరిపోయే హద్దు దానంతటదే తేలుతుంది. మిషన్ చేసిన కంపెనీ పుస్తకంలో అంకె ఉంటే ముందు దానికే విలువ. మేస్త్రీ లెక్క దానికి విరుద్ధంగా ఉంటే రెంటినీ పక్కపక్కన రాసి కారణం వెతకండి. ఒక్కోసారి మేస్త్రీ అలవాటు పాత రోలర్ కాలం నాటిదై ఉంటుంది.

ఒక కాగితం ఇట్లా ఉంటుంది

ఒక పనికి ఒకే పేజీ, ఐదు నుంచి ఏడు మెట్లు. ప్రతి మెట్టుకు మూడు గళ్ళు: చేసేది, కీలకం, ఎందుకు. మూడో గడిని చాలామంది వదిలేస్తారు. కారణం తెలియని మనిషి తొందర పడిన రోజు ఆ మెట్టునే దాటేస్తాడు. కత్తి ఒత్తిడి పెట్టే పనికి కాగితం ఇది:

1. చేసేది: మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి నీ జేబులో పెట్టుకో. కీలకం: రోలర్ పూర్తిగా నిలిచేదాకా చేయి పెట్టొద్దు. ఎందుకు: స్విచ్ ఆపినాక కూడా బరువైన రోలర్ కాసేపు తిరుగుతుంది. చెవి స్విచ్చుకే ఉంటే ఇంకొకరు వచ్చి వేస్తారు.

2. చేసేది: కత్తి అంచున, రోలర్ మీద అంటిన దూది తీయి. కీలకం: బ్రష్‌తోనే. ఎందుకు: దూది ఉంటే కత్తి ఆనినట్టు కనిపిస్తుంది, ఆనదు.

3. చేసేది: కత్తి రోలర్ పొడవునా సమంగా ఆనిందా చూడు. కీలకం: వెనక టార్చి పట్టు, రెండు చివర్లూ నడుమా సందులోంచి వెలుతురు వస్తుందా గమనించు. ఎందుకు: ఒక చివర ఎక్కువ ఒత్తితే అక్కడ కాలుతుంది, ఇంకో చివర గింజ దూదితోనే పోతుంది.

4. చేసేది: రెండు వైపులా బిగించు. కీలకం: ఒక పక్క కొంచెం, ఆ పక్క కొంచెం, మార్చి మార్చి. ఎందుకు: ఒక పక్కే పూర్తిగా బిగిస్తే కత్తి వాలిపోతుంది.

5. చేసేది: గార్డు మూసి, ముందు ఖాళీగా, తర్వాత కొద్ది పత్తితో పది నిమిషాలు నడుపు. కీలకం: గింజ గుప్పెడు పట్టి చూడు. అయితే మిషన్ కింద చేయి పెట్టొద్దు, చిప్పతో పట్టు. ఎందుకు: గింజ మీద దూది మిగిలితే ఒత్తిడి చాలలేదు. రోలర్ వేడెక్కి దూది రంగు మారితే ఒత్తిడి ఎక్కువైంది. గింజ పగులుతుంటే తప్పు వేరేచోట ఉంది, కదిలే కత్తి పొంతన చూడు.

కింద మూలలో పని చెప్పిన మేస్త్రీ పేరు, రాసిన తేదీ, మళ్ళీ చూడాల్సిన తేదీ వేయండి. పేరు వేయడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, గోడ మీద తన పేరుతో ఉన్న కాగితాన్ని ఎవరూ తప్పుల తడకగా వదలరు.

ఆదోని మిల్లుల్లో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. చదువు రానివాళ్ళూ ఉంటారు. కాబట్టి ప్రతి మెట్టుకు ఒక ఫోటో పెట్టి, లామినేట్ చేసి మిషన్ పక్కనే కంటి ఎత్తున తగిలించండి. మూడు భాషల్లో రెండేసి నిమిషాల ఆడియో చేసి పెట్టుకోండి. వాట్సాప్ గ్రూపులో పంపితే సరిపోదు. వారం తిరిగేసరికి అది పండగ శుభాకాంక్షల కింద కూరుకుపోతుంది. అడ్మిన్ తప్ప ఎవరూ పోస్టు చేయలేని గ్రూపు వేరుగా పెట్టి, పని కాగితాలు మాత్రమే అందులో ఉంచండి.

కొత్తవాడికి నేర్పడం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియని జనం ఒక్కసారిగా వచ్చిపడితే, వాళ్ళకు నేర్పడానికి నాలుగు మెట్ల పద్ధతి తయారు చేశారు. 80 ఏళ్ళు దాటినా దానికంటే తేలికైనది రాలేదు. మనిషిని సిద్ధం చేయడం, చూపించడం, చేయించడం, తర్వాత కనిపెట్టి ఉండడం. నేర్చుకునేవాడికి రాలేదంటే నేర్పినవాడు నేర్పలేదని దాని సూత్రం.

చూపించేటప్పుడు మూడుసార్లు చూపండి. మొదటిసారి చేతలు మాత్రమే, రెండోసారి కీలకాలు చెబుతూ, మూడోసారి ఎందుకో చెబుతూ. తర్వాత అతని చేత అదే వరుసలో మూడుసార్లు చేయించి, మూడోసారి ‘ఎందుకు’లు అతని నోటితోనే చెప్పించండి. మొదటి రోజు గంటకోసారి, మూడో రోజు పూటకోసారి, వారం చివర ఒకసారి వెళ్ళి చూడండి. మన దగ్గర మూడో మెట్టూ నాలుగో మెట్టూ ఎగిరిపోతాయి. "అర్థమైందా?" అంటే "అయింది సార్" అనే జవాబు వస్తుంది. పెద్దవాళ్ళ ముందు కాలేదనడం మర్యాద కాదని పెరిగినవాళ్ళం మనం. అందుకే ఆ ప్రశ్న మానేసి "ఏదీ, చేసి చూపీయప్పా" అనండి.

ఇరవై మందిని హాల్లో కూర్చోబెట్టి చెప్పే శిక్షణ చేతిపనికి పనికిరాదు. ఒకసారికి ఒకరు, మహా అంటే ఇద్దరు.

షిఫ్టు మారే పది నిమిషాలు

మిల్లు మరిచిపోయే విషయాల్లో ఎక్కువ భాగం రాత్రి షిఫ్టుకూ పగటి షిఫ్టుకూ మధ్య జారిపోతాయి. చాలా రిజిస్టర్లలో "అంతా ఓకే" అని ఉంటుంది. దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. ఇట్లా రాయించండి:

"7వ మిషన్ ఎడమ రోలర్ రాత్రి 2 గంటలకు వేడెక్కింది. కత్తి సడలించి 20 నిమిషాలు ఆపినాం. ఇప్పుడు బాగుంది, 8 గంటలకు మళ్ళీ చూడాలి. మూడో కుప్ప తేమ 11 శాతం, కలపలేదు. ప్రెస్ దగ్గర కట్టు తీగ ఒకటి తెగింది, ఎవరికీ తగల్లేదు. 12వ మిషన్ గార్డు బోల్టు ఒకటి లేదు, మిషన్ ఆపి పెట్టినాం."

గళ్ళు నాలుగే: మిషన్లు, సరుకు, మనుషులు, సగంలో ఆగిన పని. ఐదో గడి ఆఫీసుది, ‘ఏం చేశాం’ అని. రాసిన దానికి 24 గంటల్లో ఆ గడిలో ఏదో ఒక జవాబు పడాలి. బోల్టు తెప్పించకపోయినా "గురువారం వస్తుంది" అని రాయండి. జవాబు రాని రిజిస్టర్ నెల తిరక్కుండా మళ్ళీ ‘అంతా ఓకే’ దగ్గరికి చేరుతుంది. ఇద్దరు సూపర్‌వైజర్లూ పది నిమిషాలు కలిసి లైను పొడవునా నడవాలి. ఆ పది నిమిషాలు ఇద్దరికీ జీతం లెక్కలో ఉండాలి.

తప్పు జరిగిన రోజు

ఒక మిల్లు నిజంగా నేర్చుకుంటుందో లేదో తేలేది ఈ రోజునే. అదే రోజు, అక్కడే, నిలబడి, 15 నిమిషాలు మాట్లాడుకోవాలి. అమెరికా సైన్యం 1970ల నుంచి శిక్షణలో వాడుతున్న పద్ధతి ఇందుకు సరిగ్గా సరిపోతుంది: ఏం జరగాల్సింది, ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది, మళ్ళీ ఏం చేస్తాం. మాట్లాడే వరుస కింది నుంచి పైకి వెళ్ళాలి. పత్తి పోసే కూలి మొదట మాట్లాడాలి, యజమాని చివర. యజమాని ముందే నోరు తెరిస్తే మిగతావాళ్ళు తలలూపి వెళ్ళిపోతారు.

జిన్నింగ్‌లో తరచూ జరిగేదే తీసుకుందాం. బోరెంలో (పత్తి గోతంలో) వచ్చిన రాయో ఇనుప ముక్కో మిషన్‌లో పడి నిప్పురవ్వ లేచింది. వెంటనే ఆర్పేశారు.

"ఏం జరగాల్నో ముందు చెప్పండప్పా."

"పత్తి పోసేముందు రాళ్ళూ ఇనుమూ ఏరల్ల సార్."

"మరి ఏం జరిగింది?"

"బోరెం అట్లనే కుమ్మరిచ్చినాం."

"ఎందుకు?"

"ఏరేదానికి ఇద్దరముండల్ల. అన్నను ప్రెస్సు కాడికి పంపినారు. నేనొక్కన్నే ఉంటి."

ఈ చివరి జవాబు దగ్గర సూపర్‌వైజర్ ముఖం మాడ్చుకుంటే మీటింగు అక్కడితో అయిపోయినట్టే. ‘అజాగ్రత్త’ అని రాసి ముగిస్తే ఏమీ నేర్చుకోలేదు. అజాగ్రత్త కారణం కాదు, కారణం వెతకడం మానేసిన చోటు. ఇంకో రెండు ‘ఎందుకు’లు అడగండి. ప్రెస్సుకు మనిషిని ఎందుకు పంపారు? అక్కడ మనిషి తక్కువయ్యాడు. ఏరే చోటి మనిషినే ఎందుకు తీశారు? మిల్లు పనితనాన్ని షిఫ్టుకు ఎన్ని బేళ్ళనే లెక్కతోనే చూస్తున్నారు కాబట్టి, ఏరే చోటు ఎప్పుడూ చులకనైపోయింది.

సంస్థలు నేర్చుకునే తీరు మీద రాసిన క్రిస్ ఆర్గిరిస్, డొనాల్డ్ షోన్ 1978లో రెండు రకాల నేర్చుకోవడం గురించి చెప్పారు. "ఇకపై సరిగ్గా ఏరండి" అనడం మొదటి రకం. నియమం అట్లాగే ఉంటుంది, మనిషిని సరిచేస్తారు. నియమాన్నే ప్రశ్నించడం రెండో రకం. ఏరే మనిషిని తీస్తే ఆ లైనుకు పత్తి పోయడం ఆపాలి అని నియమం మార్చడం, పత్తి వచ్చే దారిలో అయస్కాంతం పెట్టడం, బేళ్ళ లెక్క పక్కనే నిప్పురవ్వల లెక్కా రాయడం ఈ రకం కిందికి వస్తాయి. రెండో రకం మీటింగులో యజమాని తన నిర్ణయం గురించి కూడా వినాల్సి వస్తుంది. చాలా మిల్లులు ఇక్కడే ఆగిపోతాయి.

ఈ మీటింగులో ఇంకొకటి మరవకూడదు. ఆ పూట కట్టిన బేళ్ళ నంబర్లు రాసి, గోడౌన్‌లో కలపకుండా బయట దూరం దూరంగా పెట్టండి. గట్టిగా నొక్కిన దూది లోపల నిప్పు పొగ కూడా కనపడనీయకుండా రోజుల తరబడి రాజుకుంటుంది. బేలు మీద కట్టిన గంట రాసే అలవాటు ఉంటేనే ఏ బేళ్ళు వేరుచేయాలో తెలుస్తుంది.

శిక్ష సంగతి ముందే తేల్చి చెప్పాలి. తాగి వచ్చినా, కావాలని గార్డు తీసినా చర్య ఉంటుంది. తప్పు తనంతట తాను చెప్పినవాడికి కూలి కోత ఉండదు. ఒక్కసారి కోశారంటే ఆ సీజన్‌లో ఇంకెవరూ చెప్పరు. పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో అమెరికా ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదై ఉన్నాయి. అక్కడ భయం లేకుండా చెప్పుకుంటున్నారు, తేడా అదీ. కాబట్టి మొదటి రెండు నెలలు మీ రిజిస్టర్‌లో పొరపాట్లు పెరిగితే కంగారు పడకండి. నెలంతా సున్నా ఉంటేనే అనుమానించండి.

పనిచేసేవాళ్ళ మీద ప్రభావం

"నాకు తెలిసిందంతా రాసిచ్చినాక నన్నెందుకు ఉంచుకుంటారు?" మేస్త్రీ ఈ మాట పైకి అనకపోయినా మనసులో ఉంటుంది. ఆ భయం న్యాయమైనదే. కాగితం చేతికొచ్చాక తక్కువ కూలికి కుర్రాడిని పెట్టుకున్న చోట్లు ఉన్నాయి. అందుకే జవాబు మొదటి రోజే, రాతపూర్వకంగా ఇవ్వండి: పని రాసిచ్చినవాళ్ళకు వచ్చే సీజన్ మొదటి పిలుపు, నేర్పిన ప్రతి మనిషికీ ఇంతని డబ్బు, వయసు మీదపడిన మేస్త్రీకి బరువు పని తగ్గించి నేర్పే పని. ఈ మూడూ ఇవ్వలేమనుకుంటే ఇదంతా మొదలే పెట్టకండి. మనిషి నేర్పును ఊరికే తీసుకోవడం అన్యాయం, పైగా అట్లా తీసుకున్నది సగమే వస్తుంది. కీలకాన్ని అతను తన దగ్గరే పెట్టుకుంటాడు.

ఆడవాళ్ళను అడగడం మరిచిపోతారు. పత్తి ఏరేది, చెత్త తీసేది, కుప్పలు వేసేది చాలాచోట్ల వాళ్ళే. గుప్పెడు పత్తి పిసికి ఇది తడిసిందో కాదో మీటరు పెట్టకముందే చెప్పగలరు. తేమ కాగితం వాళ్ళతోనే రాయించి, పేరు కూడా వాళ్ళదే వేయండి. తేమ పని చిన్నది కాదు. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలులో 8 శాతం దాటితే ధర కోత, 12 దాటితే తీసుకోరు. తడి పత్తి మిషన్‌లో ఉండలు కడుతుంది, మరీ ఎండింది పోగు తెగుతుంది.

మంచి ఫలితాలు కనపడతాయి. కొత్తవాడికి తిట్లు తగ్గుతాయి, వేళ్ళు పోయే ప్రమాదం తగ్గుతుంది, పని వచ్చినవాడు నాలుగు మిల్లుల్లో తలెత్తుకుని కూలి అడగగలుగుతాడు. ప్రమాదాల నుంచి తనను తాను కాపాడుకునే శిక్షణ ఎవరి దయా కాదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేర్చిన 111ఏ సెక్షన్ దాన్ని కార్మికుడి హక్కుగా రాసింది.

చెడు ఫలితం కూడా ఒకటుంది, ఇది మెల్లగా వస్తుంది. నాలుగు పనులు వచ్చిన మనిషిని నాలుగు చోట్లకూ పరిగెత్తిస్తారు. నేర్చుకున్నందుకు శిక్ష పడినట్టవుతుంది. అలసిన మనిషి చేయి రోలర్ దగ్గర తడబడుతుంది. ఒక షిఫ్టులో ఒక మనిషికి రెండు చోట్లకు మించి మార్పు వద్దని నియమం పెట్టండి.

ఎవరికి ఏ పని వచ్చో ఒక పట్టిక గీయండి. అడ్డంగా పనులు, నిలువుగా పేర్లు. 0 అంటే రాదు, 1 ఒకరు పక్కనుంటే చేస్తాడు, 2 ఒంటరిగా చేస్తాడు, 3 ఇబ్బంది వస్తే సరిచేస్తాడు, 4 నేర్పుతాడు. పెన్సిల్‌తో, ఆ మనిషితో కూర్చునే నింపండి. ప్రతి కీలకమైన పనికి ప్రతి షిఫ్టులో కనీసం ఒక 3 ఉండాలి. అంకె పెరిగితే కూలి పెరగాలి. పట్టికను నలుగురిలో అవమానించడానికి వాడిన రోజు దాన్ని చించేయడమే మేలు.

పనిచేస్తుందా లేదా

నాలుగు లెక్కలు చాలు, మీ మిల్లు పోయినేడు లెక్కతోనే పోల్చుకోండి. గేటు తెరిచాక మామూలు ఉత్పత్తి రావడానికి ఎన్ని రోజులు పట్టింది? ఒకసారి మాట్లాడుకున్న తప్పు మళ్ళీ ఎన్నిసార్లు వచ్చింది? కొత్తవాడు 2కు చేరడానికి ఎన్ని రోజులు పట్టింది? 170 కిలోల బేలు తూకం ఎంత అటూఇటూ అవుతోంది? ఇవి కదలకపోతే కాగితాలు గోడకు అలంకారంగా ఉన్నాయని అర్థం. అప్పుడు కొత్తవి రాయకండి. ఉన్నవాటిలో ఒకటి తీసుకుని మిషన్ దగ్గరికి వెళ్ళి, దాని ప్రకారం ఎవరైనా చేస్తున్నారా చూడండి. చేయకపోతే సాధారణంగా కాగితమే తప్పై ఉంటుంది. మిషన్ మారి ఉంటుంది, లేకుంటే అంతకంటే తేలిక దారి ఒకటి వాళ్ళకు దొరికి ఉంటుంది. దాన్ని కాగితంలోకి ఎక్కించండి. పక్క మిల్లు కాగితాన్ని జిరాక్స్ తీసి తెచ్చుకున్నా ఇదే గతి పడుతుంది.

తాళం వేసేముందు, తీసేముందు

ఏప్రిల్‌లో గేటు మూసేముందు మూడు రోజులు పూర్తి కూలి ఇచ్చి ముఖ్యమైనవాళ్ళను ఉంచుకోండి. ఒక్కో మిషన్‌కు ఒక కార్డు రాయండి: ఏ రోలర్ ఎంత అరిగింది, ఏ బేరింగ్ శబ్దం చేస్తోంది, ఏ భాగం తెప్పించాలి. రిజిస్టర్ మొత్తం తిరగేసి మూడుసార్లకు మించి వచ్చిన ఇబ్బందుల్ని ఒక పేజీకి ఎక్కించండి. సుగ్గికి పోయేవాళ్ళ ఫోన్ నంబర్లు, ఇంటి దగ్గర ఇంకొకరివి రాసుకోండి.

అక్టోబరులో పత్తి పోయడానికి రెండు రోజుల ముందు మేస్త్రీనీ, మిల్లులో ఎప్పుడూ అడుగుపెట్టని ఒక కుర్రాడినీ పిలవండి. స్విచ్ ఆపి తాళం వేసిన మిషన్ ముందు కుర్రాడి చేతికి కాగితం ఇచ్చి, మేస్త్రీని చేతులు కట్టుకుని పక్కన నిలబడమనండి. కుర్రాడు చదువుకుంటూ చేయాలి, మేస్త్రీ మాట్లాడకూడదు. ఆగలేక ఆయన "అట్ల కాదబ్బోడా" అని ఎక్కడ చేయి చాస్తాడో, కాగితంలో అక్కడ ఒక వాక్యం తక్కువైంది. పెన్ను తీసి అక్కడే రాయండి.